కోర్న్ ఫెర్రీ టూర్ 2025: జనవరిలో గెలిచినా అక్టోబర్ దాకా టెన్షనే

సముద్రపుగాలి:

అమెరికాలో గోల్ఫ్‌కు పెద్ద టూర్ పీజీఏ, దాని కింది మెట్టు ఈ కోర్న్ ఫెర్రీ. దాని సీజన్ ముగిసింది. ఇండియానాలోని ఫ్రెంచ్ లిక్‌లో చివరి టోర్నీ అయ్యేసరికి ఇరవై మందికి పీజీఏ టూర్ కార్డులు దక్కాయి. ఆ ఇరవై మందిలో సుదర్శన్ యల్లమరాజు ఒకడు. విశాఖపట్నంలో పుట్టాడు, నాలుగేళ్ల వయసులో ఇంట్లోవాళ్లతో కెనడా వెళ్లాడు, యూట్యూబ్ వీడియోలు చూసి ఆట నేర్చుకున్నాడు. కాలేజీ గోల్ఫ్ దారి పట్టకుండా హైస్కూల్ అవ్వగానే ప్రొఫెషనల్ అయిపోయాడు.

జనవరిలో బహామాస్‌లో గ్రేట్ అబాకో క్లాసిక్ గెలిచినప్పుడే చాలామంది "ఇంకేం, కార్డు వచ్చేసినట్టే" అన్నారు. నాకు అప్పుడే గుబులుగా అనిపించింది. ఎందుకంటే 2022 జనవరిలో అదే బహామాస్‌లో గ్రేట్ ఎగ్జుమా క్లాసిక్‌ను పంతొమ్మిదేళ్ల అక్షయ్ భాటియా గెలిచాడు. ఆ ఏడాది అతనికి కార్డు రాలేదు. మళ్లీ 2023లో ఇదే టూర్‌లో మొదలుపెట్టాల్సి వచ్చింది. పీజీఏ టూర్ వాళ్ల ప్యూర్టో రికో ఓపెన్‌లో రెండో స్థానం, ఆ తర్వాత బారకూడా ఛాంపియన్‌షిప్ గెలుపు, అలా పక్క దారిలో పైకి వెళ్లాడు.

అందుకే ఈ సీజన్‌ను గెలుపు దగ్గర ఆపకుండా పది నెలలూ కలిపి చూడాలంటాను. జనవరిలో సంపాదించిన పాయింట్లను అక్టోబర్ దాకా కాపాడుకోవడమే సుదర్శన్ చేసిన అసలు పని. చివరికి ఇరవయ్యో స్థానం అనే గీతకు దగ్గర్లోనే నిలిచాడు, కానీ పైన నిలిచాడు. ఈ సీజన్ చూసినవాళ్లు మీ మాట చెప్పండి.

లలిత_కె:

చాలా సంతోషం. నేను గోల్ఫ్ చూడటం ఈమధ్యే మొదలుపెట్టాను. ఒక సందేహం. "కార్డు" అంటే సరిగ్గా ఏమిటి? ఈ టూర్ మన రంజీ ట్రోఫీలాంటిది అనుకోవచ్చా?

శ్రీధర్72:

లలిత గారూ, కార్డు అంటే ఆ టూర్‌లో సభ్యత్వం. ఆ ఏడాది టోర్నీల్లో పేరిచ్చి ఆడే హక్కు. కార్డు లేనివాడు స్పాన్సర్ పిలుపు మీద గానీ, సోమవారం జరిగే క్వాలిఫయర్‌లో నెగ్గి గానీ లోపలికి రావాలి.

రంజీ పోలిక కొంతవరకే కుదురుతుంది. రంజీలో వెయ్యి పరుగులు చేసినా సెలెక్టర్లు కూర్చుని పేరు రాస్తేనే టీమ్‌లోకి వెళ్లేది. ఇక్కడ సెలెక్టర్ అనేవాడే లేడు. పాయింట్ల పట్టికలో ఇరవయ్యో పేరు వరకు పైకి, ఇరవై ఒకటో పేరు నుంచి కిందే. ఎవరి దయా అక్కర్లేదు, ఎవరి మీదా నెపం వేయడానికీ లేదు. నాకు ఈ టూర్ మీద ఇంత ఇష్టం కలగడానికి కారణం అదే.

పాయింట్లు ఎలా ఇస్తారో కూడా చెప్తాను, లేకపోతే ఈ చర్చ అర్థం కాదు. మామూలు టోర్నీ గెలిస్తే 500. రెండో స్థానానికి 300, మూడుకు 190. పదో స్థానానికి 75 మాత్రమే. అంటే ఆరు వారాలు ఆరుసార్లు పదో స్థానంలో నిలిచినవాడికి 450 వస్తాయి. ఒక్క వారం గెలిచి మిగతా అయిదు వారాలు ఇంటికెళ్లినవాడు అతనికంటే ముందుంటాడు. మొదటి రెండు రౌండ్ల తర్వాత 65వ స్థానం దాకా, దానితో సమానంగా ఉన్నవాళ్లతో సహా, కట్ దాటుతారు, అంటే మిగతా రౌండ్లు ఆడతారు. దాటనివాళ్లకు పాయింట్ లేదు, డాలర్ లేదు.

బోగీలేనిరోజు:

శ్రీధర్ గారు లెక్క చక్కగా చెప్పారు. ఇప్పుడు నా కడుపుమంట. 2023లో, 2024లో 30 కార్డులిచ్చారు. 2025కు 20 చేశారు. ఒక్క దెబ్బకు మూడో వంతు కోసేశారు. ఏడాదంతా దేశాలు తిరిగి ఆడి 21వ స్థానంలో, 25వ స్థానంలో నిలిచినవాళ్ల సంగతేంటి? అంతకుముందు ఏడాది అదే ఆట ఆడి ఉంటే పీజీఏ టూర్‌లో ఉండేవాళ్లు.

దీనిమీద గట్టిగా మాట్లాడేవాళ్లే కనబడటం లేదు. పైన టూర్‌లో ఉన్నవాళ్లకు ఓట్లున్నాయి, కమిటీలున్నాయి. కింద ఉన్నవాడికి ఏముంది?

మూర్తి_పాతతరం:

బోగీలేనిరోజు బాబూ, నీ బాధ న్యాయమైనదే. అయితే ఈ టూర్ పుట్టిన దగ్గర్నుంచి చూస్తున్నవాణ్ణి కాబట్టి కొంచెం వెనక్కి వెళ్తాను.

1990లో బెన్ హోగన్ టూర్ అని మొదలైంది. తర్వాత నైకీ టూర్, బై డాట్ కామ్ టూర్, నేషన్‌వైడ్ టూర్, వెబ్ డాట్ కామ్ టూర్, 2019 జూన్ నుంచి కోర్న్ ఫెర్రీ. పేరు పెట్టిన కంపెనీలు మారుతూ వచ్చాయి, పని మాత్రం అదే. మొదటి ఏడాదే జాన్ డేలీ ఇక్కడ గెలిచాడు. మరుసటి ఏడాది గోల్ఫ్‌లోని నాలుగు అతి పెద్ద టోర్నీల్లో ఒకటైన పీజీఏ ఛాంపియన్‌షిప్ గెలిచాడు. 1991లో ఇక్కడ ఉత్తమ ఆటగాడు టామ్ లేమన్, 1996లో బ్రిటిష్ ఓపెన్ విజేత. 2003లో ఇక్కడ సంపాదనలో మొదటివాడు జాక్ జాన్సన్, 2007లో మాస్టర్స్ విజేత. 2019లో ఇక్కడ రెండు గెలిచి ఉత్తమ ఆటగాడై, తర్వాత ప్రపంచ నంబర్ వన్ అయిన స్కాటీ షెఫ్లర్ గురించి చెప్పనక్కర్లేదు.

కానీ నా మనసులో ఈ టూర్ అంటే జేసన్ గోర్. 2005 యూఎస్ ఓపెన్, పైన్‌హర్స్ట్. మూడు రౌండ్లయ్యాక ఆఖరి జంటలో ఆడుతున్నాడు, ప్రపంచ ర్యాంకు 818. చివరి రోజు 84 దెబ్బలు కొట్టాడు, గోల్ఫ్‌లో ఎంత తక్కువ కొడితే అంత మంచిది కదా. అంత పెద్ద వేదిక మీద అలా కూలిపోతే మామూలు మనిషి కొన్నాళ్లు ముఖం చాటేస్తాడు. ఆయన వెళ్లి ఈ రెండో శ్రేణి టూర్‌లో వరుసగా మూడు టోర్నీలు గెలిచాడు, అందులో ఒక రౌండ్ 59. ఒకే సీజన్‌లో మూడు గెలిస్తే ఏడాది చివరిదాకా ఆగకుండా అప్పటికప్పుడే పీజీఏ టూర్‌కు పంపిస్తారు. అలా వెళ్లి అదే సెప్టెంబర్‌లో 84 లంబర్ క్లాసిక్ గెలిచాడు. యూఎస్ ఓపెన్‌లో కొట్టిన 84 తర్వాత టోర్నీ పేరులోనూ 84 ఉండటం చూసి అప్పట్లో అందరం ముచ్చటగా చెప్పుకున్నాం.

సముద్రపుగాలి:

మూర్తి గారూ, మూడు గెలుపుల దారి ఇప్పటికీ ఉంది. 2024లో మ్యాట్ మెకార్టీ అలాగే వెళ్లాడు. వెళ్లిన కొద్ది వారాలకే అక్టోబర్‌లో యూటాలో బ్లాక్ డెజర్ట్ ఛాంపియన్‌షిప్ గెలిచేశాడు. రెండు టూర్ల మధ్య ఆటలో తేడా మనం అనుకునేంత లేదనడానికి ఇంతకంటే ఏం కావాలి?

బోగీలేనిరోజు:

సరిగ్గా నేననేదీ అదే! తేడా అంత లేనప్పుడు తలుపు అంత సన్నగా ఎందుకు?

శాండర్ షాఫ్లీ కథ చూడండి. 2016లో ఇదే టూర్‌లో రెగ్యులర్ సీజన్ ముగిసేసరికి 26వ స్థానం. కార్డులు 25 మందికే. తక్కువైంది 975 డాలర్లు. ఏడాదంతా ఆడాక వెయ్యి డాలర్లు కూడా లేని తేడా! ఎక్కడో ఒక శుక్రవారం మధ్యాహ్నం నాలుగడుగుల పట్ (గుంటలోకి నేలమీద దొర్లించే దెబ్బ) పడి ఉంటే సరిపోయేది.

అయితే అప్పట్లో ఇంకో తలుపు ఉండేది. ఇక్కడి మొదటి 75 మందీ, పీజీఏ టూర్‌లో కార్డు పోగొట్టుకున్న 126 నుంచి 200 దాకా ఉన్నవాళ్లూ కలిసి ఫైనల్స్ పేరుతో వేరే పోటీలు ఆడేవారు. అందులో మరో 25 కార్డులు. శాండర్ ఆ దారిలో గట్టెక్కాడు. మరుసటి ఏడాదే గ్రీన్‌బ్రయర్ క్లాసిక్, టూర్ ఛాంపియన్‌షిప్ గెలిచి ఉత్తమ కొత్త ఆటగాడయ్యాడు. 2024లో పీజీఏ ఛాంపియన్‌షిప్, బ్రిటిష్ ఓపెన్ రెండూ అతనివే.

ఇప్పుడు ఆ రెండో తలుపు లేదు. పట్టిక ఒక్కటే. ఈ 2025లో 26వ స్థానంలో నిలిచినవాడు శాండర్ అంతటివాడు కాదని ఎవరు చెప్పగలరు? అతను మాత్రం మళ్లీ జనవరిలో బహామాస్ నుంచి మొదలుపెట్టాలి.

శ్రీధర్72:

శాండర్ ఉదాహరణ బలమైనదే, ఒప్పుకుంటాను. కానీ అవతలి వైపు కూడా చూడాలి. 30 మందికి కార్డులిచ్చిన రెండేళ్లలో వాళ్లలో కిందివాళ్ల పరిస్థితి ఎలా ఉండేది? కార్డు ఉంది, టోర్నీలో చోటు లేదు. కోర్న్ ఫెర్రీ నుంచి వచ్చినవాళ్లు వరుసలో బాగా వెనక ఉంటారు. ఇరవై మిలియన్ డాలర్ల సిగ్నేచర్ టోర్నీలకు వాళ్లకు ఎలాగూ ప్రవేశం లేదు. మిగిలిన వాటిలోనూ జనవరి, ఫిబ్రవరుల్లో పగలు తక్కువ కాబట్టి ఫీల్డ్, అంటే ఆడేవాళ్ల సంఖ్య, చిన్నది. సోమవారం నుంచి బుధవారం దాకా ఎవరో ఒకరు తప్పుకుంటారేమోనని ఫోన్ పట్టుకుని కూర్చోవడమే.

టూర్ చెప్పిన కారణం కూడా అదే. ఫీల్డ్ 156 మందితో ఉంటే శుక్రవారం చీకటి పడేలోగా రెండో రౌండ్ పూర్తి కావట్లేదు. అందుకని ఫీల్డులు తగ్గించారు, పైన పూర్తి హక్కులున్నవాళ్లను 125 నుంచి 100కు దించారు, కింద నుంచి వచ్చేవాళ్లను 20 చేశారు. ఆడటానికి చోటే లేని కార్డు ముప్పై మందికి పంచేకంటే, నిజంగా ఆడగలిగే కార్డు ఇరవై మందికి ఇవ్వడం నయమని నా అభిప్రాయం.

బోగీలేనిరోజు:

"నిజంగా ఆడగలిగే" అన్నది 2026లో చూద్దాం శ్రీధర్ గారూ. మాట ఇచ్చినట్టు అన్ని టోర్నీలు దొరికితే నేనే వచ్చి మీ మాట నిజమంటాను.

వెంకట్_ఇండియానా:

నేను ఇక్కడే ఇండియానాలో ఉంటాను. ఫ్రెంచ్ లిక్‌లో చివరి రోజు వెళ్లి చూశాను. టీవీలో కనబడనివి కొన్ని రాస్తాను.

పీట్ డై కోర్సు కొండ మీద ఉంటుంది. మొత్తం పొడవు వాడితే 8,100 గజాలు దాటుతుంది. బంతి ఫెయిర్‌వేలో (పొట్టిగా కత్తిరించిన గడ్డి దారిలో) పడినా నిలబడటానికి చదునైన చోటు దొరకడం కష్టం. ఒక కాలు పైన, ఒక కాలు కింద పెట్టి కొట్టాల్సిందే. ఫెయిర్‌వే తప్పితే బంతి పొడుగు గడ్డి వాలు మీద జారిపోతుంది. నడిచి చూసేవాళ్లకే ఆయాసం వస్తుంది, ఇక బ్యాగు మోసే కేడీల సంగతి చెప్పేదేముంది.

ఇక్కడ జనం తక్కువ. పీజీఏ టూర్‌లోలాగా తాళ్ల వెనక పది వరుసలు ఉండరు. ఆటగాడికి ఇరవై అడుగుల దూరంలో నడవొచ్చు. కేడీతో మాట్లాడే ప్రతి మాటా వినబడుతుంది. నేను గీత దగ్గర ఉన్న ఒకతని వెంట చివరి తొమ్మిది హోల్స్ నడిచాను. పేరు రాయను, అది అతని సొంత బాధ. అతను స్కోరుబోర్డు వైపు చూడలేదు. ప్రతి గ్రీన్ (గుంట చుట్టూ ఉండే నున్నటి గడ్డి) దగ్గరా బోర్డుకు వీపు పెట్టి నిలబడ్డాడు. కేడీ మాత్రం ప్రతిసారీ చూసేవాడు. చూసి ముఖంలో ఏమీ తెలియనివ్వకుండా టవల్‌తో బంతి తుడిచి ఇచ్చేవాడు. ఒక పార్ మూడు హోల్లో (మూడు దెబ్బల్లో ముగించాల్సిన హోల్లో) గాలి ఎటో తెలియక ఇద్దరూ చాలాసేపు నిలబడ్డారు. ఆటగాడు ఒక క్లబ్ తీశాడు, మళ్లీ పెట్టాడు, ఇంకోటి తీశాడు. కేడీ మెల్లగా "మొదట తీసినదే" అన్నాడు. అంతే. అతను దాన్నే తీసుకున్నాడు. బంతి జెండాకు పన్నెండడుగుల్లో ఆగింది. బర్డీ (పార్‌కు ఒక దెబ్బ తక్కువ) పడలేదు, కానీ పార్ వచ్చింది.

అతని భార్య అనుకుంటాను, బిడ్డను భుజాన వేసుకుని మొత్తం నడిచింది. తాడు ఇవతల నా పక్కనే. ఒక్కసారి కూడా చప్పట్లు కొట్టలేదు. చేతులు ఖాళీ లేవు మరి.

అతనికి కార్డు రాలేదు. స్కోరు సంతకం చేసి బయటికి వచ్చి, వచ్చిన పిల్లలకు టోపీల మీద సంతకాలు చేసి వెళ్లాడు.

లలిత_కె:

వెంకట్ గారూ, చదువుతుంటే అక్కడే ఉన్నట్టుంది. కార్డు రాని ఆ మనిషికి ఇప్పుడు ఏమవుతుంది? మొత్తం పోయినట్టేనా?

వెంకట్_ఇండియానా:

పోలేదమ్మా. ఆ చివరి టోర్నీలోకి వచ్చేదే పట్టికలో మొదటి 75 మంది. వాళ్లందరికీ వచ్చే ఏడాది కోర్న్ ఫెర్రీలో పూర్తి చోటు ఉంటుంది. ఇంకో దారి డిసెంబర్‌లో క్యూ-స్కూల్ అనే అర్హత టోర్నీ. ఫ్లోరిడాలో నాలుగు రౌండ్లు, మొదటి అయిదుగురికి పీజీఏ టూర్ కార్డు. ఇంతకుముందు అయిదో స్థానంలో సమానంగా ఎంతమంది ఉన్నా అందరికీ ఇచ్చేవారు. ఈసారి సమానమైతే ప్లేఆఫ్ ఆడి తేల్చుకోవాలి, కచ్చితంగా అయిదే.

రాధిక_గ్రీన్స్:

నా చిన్నాన్న కొడుకు కింది స్థాయి టూర్లలో ఆడతాడు, కోర్న్ ఫెర్రీ సోమవారం క్వాలిఫయర్లకు వెళ్తుంటాడు. వాడి దగ్గర విన్న డబ్బు సంగతి చెప్తాను, ఎందుకంటే ఇక్కడ అందరూ పాయింట్ల గురించే మాట్లాడుతున్నారు.

కోర్న్ ఫెర్రీ మామూలు టోర్నీ మొత్తం బహుమతి ఒక మిలియన్ డాలర్లు. విజేతకు అందులో 18 శాతం, అంటే లక్షా ఎనభై వేలు. వినడానికి బాగుంటుంది. కట్ దాటి చివరిలో నిలిచినవాడికి నాలుగు వేలకు కాస్త అటూఇటూ. ఆ నాలుగు వేలల్లో విమానం టికెట్, వారం రోజుల బస, తిండి, కారు, కేడీకి వారం జీతం, మళ్లీ వచ్చినదాంట్లో కేడీకి వాటా, ఆ పైన పన్ను. కట్ దాటినా ఆ వారం చేతినుంచి పెట్టుకున్నట్టే. దాటకపోతే అన్ని ఖర్చులూ ఉంటాయి, రాబడి సున్నా. పైగా సీజన్ మొదట్లో బహామాస్, పనామా, కొలంబియా, అర్జెంటీనా, చిలీ. విమాన ఖర్చే తడిసి మోపెడవుతుంది.

అందుకే చాలామంది హోటల్‌కు బదులు ఆ ఊళ్లో గోల్ఫ్ అంటే ఇష్టపడే కుటుంబాల ఇళ్లలో ఉంటారు. వాళ్లే గది ఇస్తారు, అన్నం పెడతారు, ఆదివారం వచ్చి చప్పట్లు కొడతారు. ఏళ్ల తరబడి ఒకే ఇంటికి వెళ్లే ఆటగాళ్లున్నారు. ఆ కుటుంబాలు లేకపోతే ఈ టూర్ నడవదని మా తమ్ముడు అంటాడు. నేనూ నమ్ముతాను.

క్వాలిఫయర్ అయితే ఇంకా ఘోరం. కొద్ది చోట్ల కోసం పెద్ద గుంపు, ఒకే రౌండు. అయిదారు అండర్ (పార్‌కు అయిదారు దెబ్బలు తక్కువ) కొట్టినా ఒక్కోసారి చాలదు. సాయంత్రానికి తేలిపోతుంది. వారం పని దొరికిందా, కారు తిప్పుకుని ఇంకో ఊరు పోవాలా అని.

మూర్తి_పాతతరం:

రాధికమ్మా, సోమవారం క్వాలిఫయర్ అన్నావు కాబట్టి అర్జున్ అత్వాల్ సంగతి చెప్పకుండా ఉండలేను. 2008లో ఈ టూర్ నేషన్‌వైడ్ పేరుతో ఉన్నప్పుడు చాటనూగా క్లాసిక్‌లో ప్లేఆఫ్ ఆడి వెబ్ సింప్సన్‌ను ఓడించాడు. 2010లో గాయం వల్ల కార్డు పోయి, సోమవారం క్వాలిఫయర్ ఆడి విండమ్ ఛాంపియన్‌షిప్‌లోకి వచ్చాడు. ఆ ఆదివారం టోర్నీయే గెలిచేశాడు. పీజీఏ టూర్ గెలిచిన మొదటి భారతీయుడు. సోమవారం క్వాలిఫయర్ నుంచి వచ్చి గెలవడం 1986 తర్వాత అదే మొదలు.

మీ తమ్ముడికి ఈ మాట చెప్పు. వాడికి తెలిసే ఉంటుంది, అయినా చెప్పు.

రాధిక_గ్రీన్స్:

తప్పకుండా చెప్తాను బాబాయ్ గారూ. వాడి ఫోన్‌లో అత్వాల్ ఫొటో ఉంది.

గాలివాటం:

ఆటతీరు గురించి ఎవరూ మాట్లాడలేదు, అందుకని నేను. ఈ టూర్‌లో స్కోర్లు చూసి "కోర్సులు తేలిక" అనేవాళ్లున్నారు. 2016లో స్టీఫన్ యేగర్ 58 కొట్టాడు. 2024లో బొగోటాలో క్రిస్టోబల్ డెల్ సోలార్ 57 కొట్టాడు. పీజీఏ టూర్ నడిపే ఏ టూర్‌లోనూ అంతకుముందు 57 లేదు. నిజమే, బొగోటా సముద్రమట్టానికి రెండు వేల ఆరు వందల మీటర్ల ఎత్తులో ఉంది, గాలి పలచన, బంతి దూరం పోతుంది, ఆ కోర్సు పార్ 70.

కానీ ఆ ఎత్తే పెద్ద చిక్కు. అంతకుముందు వారం సముద్రమట్టం దగ్గర ఆడినవాడు ఇక్కడ ఏడు నంబర్ ఐరన్ క్లబ్‌తో కొడితే బంతి ఎంత దూరం పోతుందో మొత్తం మళ్లీ లెక్కేసుకోవాలి. రెండు రోజుల ప్రాక్టీసులో కొత్త పట్టిక రాసుకోవాలి. మళ్లీ వచ్చే వారం దాన్ని చెరిపేయాలి.

ఇక బహామాస్ జనవరి గాలి. అక్కడ టోర్నీలు ఆదివారం మొదలై బుధవారం ముగుస్తాయి. 2017లో ఎగ్జుమాలో వీచిన గాలికి ప్రొఫెషనల్స్ ఎనభైలు, తొంభైలు కొట్టారు. గెలిచిన కైల్ థాంప్సన్ మొత్తం నాలుగు రౌండ్లకు కలిపి పార్‌కు రెండే తక్కువ. అంటే ఒకే సీజన్‌లో ఒక వారం ఇరవై అండర్ కొట్టినా చాలదు, ఇంకో వారం పార్ కొడితే దేవుడు. రెండు రకాల ఆటా వచ్చినవాడే పట్టికలో పైకి పోతాడు. సుదర్శన్ గెలిచిన అబాకో కూడా గాలి ద్వీపమే. గాలిలో బంతిని కింద నుంచి పోనివ్వగలిగేవాడు ఎక్కడైనా బతుకుతాడని నా నమ్మకం.

సముద్రపుగాలి:

గాలివాటం అన్నా, ఇది నేను రాయాల్సింది, మీరు ఇంకా బాగా రాశారు. ఒక్కటి కలుపుతాను. 2018లో సంగ్‌జే ఇమ్ అదే ఎగ్జుమాలో సీజన్ మొదటి టోర్నీ గెలిచాడు, రెగ్యులర్ సీజన్ చివరి టోర్నీ కూడా గెలిచాడు, మధ్యలో ఒక్క వారం కూడా మొదటి స్థానం వదల్లేదు. జనవరిలో గెలిచి ఏడాదంతా నిలబెట్టుకోవడమంటే అది శిఖరం. 2019లో పీజీఏ టూర్‌లో ఉత్తమ కొత్త ఆటగాడు అతనే.

సుదర్శన్‌ది అంత సాఫీగా సాగలేదు. గెలుపు తర్వాత వారాలు గడిచేకొద్దీ వెనక ఉన్నవాళ్లు ఒక్కొక్కరే గెలుస్తూ పోతారు. గెలిచిన ప్రతివాడికీ 500. నీ పాయింట్లు తగ్గవు, స్థానం మాత్రం జారుతుంది. ఏమీ తప్పు చేయకుండానే జారుతుంది. ఆ నెలల్లో గెలవాలని దూకుడుగా పోవాలా, కట్‌లు దాటుకుంటూ చిన్న చిన్న పాయింట్లు పోగేసుకోవాలా అనేది ప్రతి వారం తేల్చుకోవాల్సిన ప్రశ్న.

నిఖిల్_కాలేజీగోల్ఫ్:

ఇక్కడ ఇంకో ఒత్తిడి ఉంది, ఎవరూ అనలేదు. వేసవిలో కాలేజీల నుంచి కొత్తవాళ్లు దిగుతారు. పీజీఏ టూర్ యూనివర్సిటీ ర్యాంకింగ్‌లో మొదటివాడికి నేరుగా పీజీఏ టూర్ కార్డు. 2023లో లుడ్విగ్ ఓబెర్ అలాగే వెళ్లాడు. రెండు నుంచి పది దాకా ఉన్నవాళ్లు సీజన్ సగంలో కోర్న్ ఫెర్రీలోకి వస్తారు. అదే ఏడాది ఆడ్రియన్ డ్యుమాంట్ డి షాసార్ట్ అలా వచ్చి ఆడిన మొదటి టోర్నీయే గెలిచాడు.

జనవరి నుంచి తిరుగుతున్నవాడు అలిసిపోయి ఉంటాడు. ఇతను తాజాగా వస్తాడు, భయం తెలియదు. నా వయసువాళ్లకు ఇది గొప్ప అవకాశం కాబట్టి నేను దీన్ని సమర్థిస్తాను. కానీ ముప్పై అయిదేళ్ల ఆటగాడి వైపు నుంచి చూస్తే కష్టమే.

శ్రీధర్72:

నిఖిల్ మంచి మాట అన్నాడు. పాతికేళ్ల క్రితం ఈ టూర్ సగం అనుభవజ్ఞులది. పైన కార్డు పోయినవాళ్లు వచ్చి తిరిగి వెళ్లేవారు. ఇప్పుడు వయసు బాగా దిగిపోయింది. 2024లో అబాకో గెలిచిన ఆల్డ్రిచ్ పోట్గీటర్‌కు పంతొమ్మిదేళ్లే. జేసన్ డే పేరు మీద ఉన్న రికార్డు చెరిపేసి ఈ టూర్ చరిత్రలో అతి చిన్న విజేత అయ్యాడు. 2025లో డెట్రాయిట్‌లో పీజీఏ టూర్ టోర్నీ కూడా గెలిచేశాడు. గమనించారా, అతని తర్వాతి ఏడాది అదే అబాకోలో గెలిచింది సుదర్శన్.

లలిత_కె:

ఇన్ని విన్నాక ఒకటే అడుగుతాను. సుదర్శన్‌కు 2026లో ఎన్ని టోర్నీలు దొరుకుతాయి? మనం ఏ వారం టీవీ పెట్టుకుని చూడాలి?

శ్రీధర్72:

ముందే వారాలు చెప్పడం కుదరదు లలిత గారూ. పట్టికలో మొదటి స్థానం వచ్చిన జానీ కీఫర్‌కు అయితే పూర్తి హక్కులు, ప్లేయర్స్ ఛాంపియన్‌షిప్, యూఎస్ ఓపెన్ కూడా. మిగతా పందొమ్మిది మందీ తర్వాతి వరుస. వాళ్లలో ఎవరు ముందు, ఎవరు వెనక అనేది సీజన్ నడుస్తుండగా కొన్నాళ్లకోసారి తిరగేస్తారు. అప్పటిదాకా సంపాదించిన పాయింట్లను బట్టి వరుస మారుతుంది. అంటే మొదట దొరికిన కొద్ది టోర్నీల్లో కట్‌లు దాటినవాడికి తర్వాత ఎక్కువ టోర్నీలు. మొదట తడబడినవాడికి చోట్లు తగ్గుతూ పోతాయి.

గీతకు దగ్గరగా వచ్చినవాడు కాబట్టి సుదర్శన్ మొదట్లో వరుసలో కిందే ఉంటాడు. జనవరిలో దొరికే ప్రతి చోటూ అతనికి ముఖ్యమే. శుక్రవారం రాత్రి కట్ ఎంత దగ్గర ఆగిందో చూడండి, ఆదివారం ట్రోఫీ కంటే అది చూస్తేనే అతని ఏడాది అర్థమవుతుంది.

బోగీలేనిరోజు:

అంటే పైకి వెళ్లినా మళ్లీ అదే లెక్క, అదే కట్, అదే పట్టిక. శ్రీధర్ గారూ, మీరు చెప్పిన తిరగేయడమే నా వాదనకు బలం. వరుసను ఎలాగూ ఆటతోనే తేలుస్తున్నప్పుడు 25 మందిని పంపితే ఏం నష్టం? ఆడినవాడు పైకి జరుగుతాడు, ఆడలేనివాడు తనే వెనక్కి జారతాడు. ఆ అయిదుగురికి కనీసం ఓ నాలుగు వారాలైనా ఇవ్వాలి. వెంకట్ గారు చూసిన ఆ మనిషిలాంటివాళ్లకే ఆ అయిదు చోట్లు.

వెంకట్_ఇండియానా:

ఆ విషయంలో నేను మీతోనే ఉన్నాను. వచ్చే అక్టోబర్‌లో మళ్లీ ఫైనల్స్‌కు వెళ్తాను. అతను పట్టికలో ఉంటే అతని వెంటే నడుస్తాను.